రెండో కిటికీ

మా కొట్టానికి గోడలు మూడే. నాలుగో వైపు ఆకాశం ఉండేది. అటునుంచి గాలి ఎంత జోరుగా కొట్టేదంటే, ఆషాఢంలో బాన్సువాడలో ఎగిరిన పలకలను బిచ్కుందలో ఏరుకొచ్చేవాళ్లం. ఈ మాటలో కొంచెం అబద్ధం ఉంది. ఇకముందు చెప్పేదాంట్లో అంతకంటే తక్కువే ఉంది.

ఆ కొట్టంలో ఒక పంతులు తెలుగు బడి పెట్టాడు. ఆయనకు జీతం మా ఇంట్లో రెండు పూటల బువ్వ. సర్కారు బడి ఉండేది కానీ అక్కడ చదువు ఉర్దూలో, అదీ మగపిల్లలకు. నేను అందులోనే చదివి, అత్తరు చల్లినట్టుండే ఉర్దూ రాసేవాణ్ణి. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఎనిమిదేళ్ల మా చెల్లెకు చదువంటూ వస్తే ఆ కొట్టంలోనే రావాలి. వస్తూనే ఉండింది, అచ్చులు దాటి 'ణ' దాకా.

అంతలో పట్నం నుంచి హుకుం: ఇజాజత్ లేనిదే ఎవరూ సొంతంగా బడి నడపరాదు. తెలుగు బడికి అనుమతి అడుగుతూ ఉర్దూలో దరఖాస్తు రాసింది నేనే. మూడు గోడలు, ఒక కిటికీతో కొట్టం నక్షా గీసిందీ నేనే. పలకలు అటకెక్కాయి.

ఏడాదికి జవాబొచ్చింది. ముద్రల మధ్య రాత ఊపిరాడక చస్తోంది. కిటికీ ఒక్కటే ఉందట, పిల్లలకు గాలి చాలదట, రెండోది ఉండాలట. నాలుగో గోడే లేదన్న సంగతి నక్షాలో ఉన్నా పట్నంలో ఎవరి కంటా పడలేదు. నాయిన గడ్డపార అందుకున్నాడు. పొద్దుగూకేసరికి గోడకు ఏనుగు దూరేంత బొక్క. చెల్లె మట్టితట్టలు మోసి, అది తన కిటికీ అని వాడంతా చెప్పుకొచ్చింది.

మరో ఆరు నెలలకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. చెరువెండిపోయేంత చెరుకురసం తాగి, నక్షా విప్పాడు.

"నక్షాల కిటికీ ఒకటే. గోడకు రెండున్నయ్. మీరు ఇజాజత్ అడిగిన మకాను ఇది కాదు."

"పెట్టమన్నది సర్కారే గద సాబ్," అన్నాడు నాయిన.

"పెట్టమన్నది. పెట్టెటందుకు ఇజాజత్ తీసుకున్నరా?"

నాయిన నా వైపు చూశాడు. నేను కొత్త కాగితం తీసి, అత్తరు ఉర్దూలో మొదటి వరస మొదలుపెట్టాను.

మళ్లీ దరఖాస్తు, మళ్లీ నక్షా. పంతులు ఇంకో వానాకాలం ఎదురుచూశాడు. పని చెయ్యని బువ్వ గొంతు దిగడం లేదని చెప్పి, ఒక పొద్దున గొడుగు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కొట్టంలోకి బర్రెలు వచ్చాయి. వాటికి గాలి బాగానే ఆడింది. చెల్లెకు పెళ్లయి పెద్ద కొడప్‌గల్ పోయింది. రెండో దరఖాస్తుకు జవాబు రాకముందే జవాబియ్యవలసిన సర్కారే పోయింది.

ముప్పై దాటాక నేను తెలుగు నేర్చుకున్నాను. ఆ వెంటనే ఒక పలక కొనుక్కుని చెల్లె ఇంటికి పోయాను.

"ఇప్పుడేం నేర్సుకుంట అన్నా," అన్నది. "చెయ్యి కొడవలికి అలవాటు వడ్డది. ఇగ బలపం వట్టదు."

పలకను మంచినీళ్ల కుండ మీద మూతగా పెట్టింది. నాకు చాయ్ పెడదామని బెల్లం పొట్లం విప్పింది. పాత పత్రిక ముక్క. దాన్ని నేలమీద సాపు చేసి, వేలు పెట్టి, కొట్టంలో నేర్చిన అక్షరాల కోసం వెతికింది. ఒక 'ట' దొరికింది, పైకి అన్నది. రెండు వరసల కింద ఒక 'క'. మధ్యలో ఉన్నదంతా ఉత్త కాగితమైనట్టు వేలు జారుకుంటూ పోయింది.