జంగమ్మ సిగ్గును ఏడుపుగా అమ్మారు

జంగమ్మ జీవితంలో ఫొటో దిగింది రెండుసార్లు. ఆధార్ కార్డు కోసం ఒకసారి, ఓటరు కార్డు కోసం ఒకసారి. రెండింటిలోనూ కళ్లు మూసుకునే ఉంది. పెళ్లిళ్లలో వీడియో కెమెరా తన బంతి దగ్గరికి వస్తే విస్తరి మీదికి వంగిపోతుంది. అలాంటి మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టింది నేనే.

జంగమ్మ వాళ్లు సొంతూరు మోతె నుంచి సూర్యాపేటకు వచ్చి పన్నెండేళ్లయింది. బస్టాండు రోడ్డులో జొన్నరొట్టెల బండి. భర్త ఈదయ్య నీళ్లు మోస్తాడు, కట్టెలు కొడతాడు, పచ్చడి వడ్డిస్తాడు. రొట్టె మాత్రం ఆయనకు రాదు. ఎప్పుడు చేసినా పెనం మీదికి చేరేలోపే మూడు ముక్కలు. వీళ్లింటి పక్కనే మా ఇల్లు. నేను ఎంబీఏ చదువుతున్నాను కాబట్టి వ్యాపారం గురించి నాకు అన్నీ తెలుసని ఇద్దరికీ నమ్మకం. నాక్కూడా.

ఈ ఎండాకాలం ఎదురుగా రంగు లైట్లతో కొత్త రొట్టెల సెంటర్ పడింది. వాళ్లకు రోజుకో రీల్. చూస్తుండగానే జంగమ్మ దగ్గర జనం పలచబడ్డారు.

"దసరా దాక సూస్త బిడ్డా. గిట్లనే ఉంటె బండి తీసేసి మోతెకు పోయి పత్తి ఏరుకుంట" అంది ఒకరోజు.

"వీడియో తీద్దాం పెద్దమ్మా."

"నన్నా? నీ కాల్మొక్త, నన్నిడిసిపెట్టు."

ఆమె ముఖం కనపడకుండా చేతులు మాత్రమే తీశాను. పిండి ముద్ద, తట్టే చప్పుడు, పెనం మీద పొంగే రొట్టె. నిజంగా బాగుంది. వారం తిరిగినా చూసింది రెండు వందల మంది. ఓపిక పట్టాల్సింది. పట్టలేదు. కోదాడలో ఉండే రాకేష్‌కు మెసేజ్ పెట్టాను. తిండి వీడియోలు తీస్తాడు, లక్షల మంది చూస్తారు.

వచ్చాడు. మైకు, లైటు, నల్ల కళ్లద్దాలు. జంగమ్మ పొయ్యి వెనక్కి జరిగింది.

"అమ్మా, ఇటు చూడండి. ఏం భయం లేదండీ, నేను మీ కొడుకులాంటోణ్ణి."

ఆమె చూడలేదు. కొంగు కనుబొమల దాకా లాక్కుంది. రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు కొంగు కిందికి పోయింది. తల దించుకుని పిండి పిసుకుతోంది. పొగకు కళ్లలో నీళ్లు.

"సూపర్! అలాగే ఉండండమ్మా" అన్నాడు రాకేష్. తర్వాత ఈదయ్య వైపు తిరిగి, "బాబాయ్, ఫ్రేమ్‌లో పడుతున్నారు. కాస్త ఆ పక్కకెళ్లండి" అన్నాడు. ఈదయ్య బుద్ధిగా వేపచెట్టు వెనక నిలబడ్డాడు.

"రొట్టెలన్నీ ఒక్కరే చేస్తారా అమ్మా?"

"ఊ. నేనొక్కదాన్నే."

"ఎన్నేళ్లయింది?"

"పన్నెండేండ్లు."

అంతే. అతను సగం రొట్టె కొరికి, కళ్లు మూసి తల ఆడించి, కెమెరా ఆపగానే ఆ ముక్కను కాగితంలోకి ఉమ్మేశాడు. డైటింగ్ అట.

రెండో రోజు వీడియో వచ్చింది. వెనక ఏడుపు వయొలిన్. 'పన్నెండేళ్లుగా రొట్టెలే బతుకు. ఈమధ్యే భర్త పోయాడు. అప్పట్నుంచి ఒక్కతే. ఆమె కన్నీళ్లు చూడండి' అని రాకేష్ గొంతు. ఆమె సిగ్గు మొత్తం దుఃఖమైపోయింది. పొగ కన్నీరైపోయింది. తొమ్మిది లక్షల మంది చూశారు.

వెంటనే ఫోన్ చేశాను. "అన్నా, ఆయన బతికే ఉన్నాడు కదా!"

"చెట్టు వెనక నుంచున్నాయనా? చూశాలే. కష్టం లేకపోతే ఎవరు చూస్తారు చెల్లెమ్మా? జనం వస్తారు, కంగారు పడకు."

వచ్చారు. బండి చుట్టూ బైకులు. సెల్ఫీలు. ఒకావిడ జంగమ్మ తల నిమిరి, "ధైర్యంగా ఉండమ్మా" అని రొట్టె సగంలో వదిలేసి పోయింది. జంగమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆమెకు ఆ వీడియో చూపించే ధైర్యం నాకు లేకపోయింది.

మూడో రోజు మోతె నుంచి ఈదయ్య చెల్లెలు బాలమ్మ ఆటో దిగుతూనే గుండెలు బాదుకుంది.

"ఓ అన్నా... మాకొక్క మాటన్న సెప్పకపోతివి అన్నా..."

ఈదయ్య నీళ్ల బిందె దించి పరుగెత్తాడు. "ఏందే, గట్ల మొత్తుకుంటున్నవ్? ఎవలు సచ్చిన్రు?"

బాలమ్మ అన్న భుజాలు తడిమి చూసింది. తర్వాత వెంట వచ్చిన మనవడి ఫోన్‌లో ఉన్న వీడియో తీసి వదిన ముఖం మీద పెట్టింది.

"నా అన్నను సంపుకొని రొట్టెలమ్ముకుంటున్నవా? సిగ్గు లేదూ?"

జంగమ్మ చివరిదాకా చూసింది. నా వైపు కూడా ఒకసారి చూసి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగింది.

మర్నాడు ఈదయ్య బండి దగ్గరికి రాలేదు. ఇంటికి వెళ్తే గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. జంగమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"నేను ఇంట్లనే ఉంటతియ్యే" అంటున్నాడు. "నేను కనపడకపోతె రొట్టెలు అమ్ముడువోతున్నయ్ గద. దసరా దాక గట్లనే కానియ్. బండి ఉంటది."

"ఏమంటివి?"

"తప్పేముందే? ఉత్తుత్తి సావే గద."

జంగమ్మ ఆయన నోట్లోని బీడీ లాగి అవతలికి విసిరింది. "నువ్వు ఇంట్ల దాక్కుంటె, నేను ముండమోసినట్టు గాడ కూసోవాల్నా? థూ! గట్ల బతికే బండి నాకొద్దు." నా వైపు తిరిగింది. "బిడ్డా, ఫోన్ తియ్యి."

ఆయన్ను మణికట్టు పట్టుకుని బండి దాకా ఈడ్చుకొచ్చింది. కొంగు నడుముకు దోపింది. బొట్టు మళ్లీ దిద్దుకుంది. ఫోన్‌లోకి సూటిగా చూసింది. మళ్లీ చూపు తిప్పలేదు.

"నా పేరు జంగమ్మ. గీయన ఈదయ్య, నా మొగడు. సావలేదు. గా పోరడు అబద్ధం సెప్పిండు. నేను ఏడ్వలేదు, పొగ వట్టింది. రొట్టె మంచిగుంటె తినున్రి. నా మొకం సూసి అయ్యో అననీకైతె రాకున్రి. ఇగ బందు చెయ్యి బిడ్డా."

ఒక్కసారికే అయిపోయింది. అలాగే పెట్టేశాను. కింద రాతలు చదివితే అన్నం సయించలేదు. 'డ్రామా ఆంటీ.' 'మోసగత్తె.' 'ముందు ఏడ్చింది, ఇప్పుడు మాట మార్చింది.' రాకేష్‌ను వీడియో తీసెయ్యమన్నాను. "రీచ్ పోతుంది" అన్నాడు. అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నిన్న కూడా ఎవరో ఈదయ్య ఆత్మకు శాంతి కోరారు.

నాలుగు రోజుల్లో బైకులన్నీ మాయం. దసరాకు మూడు వారాలుంది. బండి ఉంటుందో లేదో నేను చెప్పలేను.

నిన్న సాయంత్రం మిర్యాలగూడ నుంచి ఒక కారు వచ్చి ఆగింది. అద్దం దించి అడిగారు.

"మొగుడు చచ్చిపోయిన ఆమె బండి ఇదేనా?"

ఈదయ్య చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. "ఇదే సార్. సచ్చినోణ్ని నేనే. ఎన్ని రొట్టెలెయ్యమంటరు?"

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అద్దం పైకి పోయింది. కారు ఎదురు సెంటర్ ముందుకు వెళ్లి ఆగింది.

జంగమ్మ చేతిలో తట్టడం పూర్తయిన రొట్టె ఉంది. "నా మొగడు సస్తెనే ఆళ్లకు ఆకలైతదా?" అని పక్కకు ఉమ్మి, ఆ రొట్టెను పెనం మీద వేసింది.