చచ్చిన గొర్రె, పడ్డ విమానం

మా బిడ్డకు శుక్రవారం పొద్దున ఆపరేషన్ చేసి కాన్పు చేస్తారని అల్లుడు మంగళవారం ఫోన్ చేశాడు. అల్లుడిది మిలిటరీ ఉద్యోగం, వాళ్లుండేది గౌహతిలో. మొదటి కాన్పులో పిల్ల దక్కలేదు. అప్పుడు నేను గొర్రెల మందతో మిర్యాలగూడ పక్క పొలాల్లో ఉన్నాను, కబురు అందేసరికే అంతా అయిపోయింది. ఈసారి పక్కనే ఉంటానని మాటిచ్చాను. రైల్లో పోతే శనివారం గాని చేరను. ఇక విమానమే దిక్కు.

మోతెలో బస్సెక్కి నేనూ మా ఆయనా సూర్యాపేటలో మా అన్న కొడుకు దుకాణానికి పోయాం. వాడు కంప్యూటర్ పెట్టుకుని టికెట్లు తీస్తాడు, జనాలకు దరఖాస్తులు నింపుతాడు. కుర్చీలో కూర్చుంటూనే అడిగాను.

"ఏ విమానమైతే పడదు కొడుకా?"

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. అంతకుముందు టీవీలో ఒక విమానం కూలిన బొమ్మలు వాడూ చూసినట్టున్నాడు.

"రెండున్నయ్ అత్తా. ఒకటి గురువారం పొద్దున సక్కగ గౌహతికే పోతది. ఇంకోటి కలకత్తాల దిగి మళ్ల ఎక్కాలె, శుక్రవారం పగటీలికి, పన్నెండింటికి చేరుతవ్."

"సక్కగ పోయేదే తియ్యి."

"జర ఆగు. అది పాత రకం. గీ రకం ఏడేడ పడ్డదో ఫోన్ల రాసున్నది, ఎంత కిందికి జరిపినా ఒడుస్తలేదు. కలకత్తా దిక్కు పోయేది కొత్త రకం. ఒక్కటి గూడ పడలే. సున్నా!"

సున్నా అనగానే మా ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

పదేళ్ల కింద కోదాడ పక్కన ఒకాయన దగ్గర ఇరవై గొర్రెలు కొన్నాం. "మా మందలో ఒక్కటి కూడా చావలేదమ్మా, కావాలంటే ఊళ్లో అడగండి" అన్నాడు. ఊరినడిగితే ఊరూ అదే మాట చెప్పింది. దసరా రాకముందే వాటిలో పదకొండు పోయాయి. తర్వాత ఆరా తీస్తే తెలిసింది, ఆయన మంద కట్టి ఏడాదైనా కాలేదు. పైగా ముక్కు కారిన గొర్రెనల్లా చచ్చేలోపే మాంసం కొట్టే కటికాయనకు అమ్మేసేవాడు. ఆయన అబద్ధమాడలేదు. ఆయన దొడ్లో నిజంగానే ఏదీ చావలేదు.

"ఆ కొత్త రకం ఎన్నేండ్ల సంది తిరుగుతున్నది?" అన్నాను.

"మొన్నమొన్ననే వచ్చింది. తక్కువనే ఉన్నయ్."

"పాతవో?"

"అవి దునియంత తిరుగుతయ్ అత్తా. మనం మాట్లాడేటాళ్లకే ఎన్ని లేస్తయో!"

"మరి రెండు గొర్లున్నోనికి, రెండొందల గొర్లున్నోనికి సావులు ఒక్కతీరుంటయా?"

వాడు తల గోక్కున్నాడు. "నువ్వు సదువుకుంటే కలెక్టరయ్యేదానివి అత్తా."

"కలెక్టరైతే ముందుగాల నీ దుకాణమే మూయిస్తుంటి."

అట్లా అన్నానే గాని, పాతదాని మీద కూడా నాకు గురి కుదరలేదు. పొడుగు జాబితా పొడుగు జాబితానే కదా. అప్పుడు మా ఆయన అడిగాడు.

"పడ్డంక కోసి సూసిండ్రా?"

"విమానాన్ని కోసుడేంది మామా?"

మా ఆయన విడమరచి చెప్పే మనిషి కాదు, నేనే చెప్పాను. మా ఇంట్లో గొర్రె చస్తే ఊరికే గుంటలో వెయ్యం. ఆయన కత్తి తీసుకుని కడుపు చీల్చి చూస్తాడు. ఒక ఏడు మిర్యాలగూడ కాలువ కింద వరి కోసిన మళ్లలో మేపితే తొమ్మిది పోయాయి. తొమ్మిదింటినీ కోశాడు. కార్జంలో ఆకుల్లాంటి జలగలు, మళ్ల పక్క మడుగుల నీళ్లతో లోపలికి పోయినవి. మరుసటేడు నుంచి ఆ మడుగుల్లో నీళ్లు తాగనివ్వలేదు, పోయే ముందే మందు తాగించాం. గొర్రెలు ఆ తర్వాత చావలేదని కాదు, ఆ జబ్బుతో చావలేదు.

మేనల్లుడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఒక్కోటీ చదివి తెలుగులో చెప్పాడు. ఒకచోట నడిపేవాడి తప్పు, ఒకచోట లోపలి సామాను విరిగిందట, తర్వాత అన్నిటికీ అది మార్చారట. ప్రతిదానికీ నేను ఒకటే అడిగాను, అదే జబ్బుతో మళ్లీ పడిందా అని. ఒకచోట తప్ప ఎక్కడా లేదన్నాడు. చివరికి ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది ఇంక తేలలేదంట అత్తా. సూస్తున్నరంట."

"సూస్తున్నరా, దాస్తున్నరా?"

"గది నాకెట్ల తెలుస్తది! నువ్వు జల్ది చెప్పు, పొద్దున ఏడు సీట్లుండె, ఇప్పుడు రెండే ఉన్నయ్."

ఆ తేలనిది తేలనట్టే ఉండిపోయింది. అయినా పాతదే తియ్యమన్నాను. తీసేది ఒకటే టికెట్, ఆయన వస్తే మందను ఎవరు చూస్తారు?

గురువారం విమానంలో, అక్కడ పనిచేసే ఒక పిల్ల నిలబడి బెల్టు ఎట్లా పెట్టుకోవాలో, తలుపులు ఎటున్నాయో చూపించింది. అందరూ ఫోన్లలో ఉన్నారు. నేను తలుపు దాకా కుర్చీల వరసలు లెక్కపెట్టుకున్నాను, తొమ్మిది. పైకి పోయాక ఇంజను చప్పుడు ఒక్కసారి తగ్గింది. మంద బెదిరిందో లేదో తెలియాలంటే ముందు నడిచే గొర్రె చెవులు చూడాలి. నేను ఆ పిల్ల మొహం చూశాను. నీళ్ల సీసాలు పంచుతూనే ఉంది. అయినా దిగేదాకా నేను వీపు ఆనించలేదు.

దవాఖానలో బిడ్డ నన్ను చూసి, "మూడు గంటలు విమానాల సావులే అడిగినవంట గదనే అమ్మా, సూర్యాపేట బావ ఫోన్ చేసి ఒకటే నవ్వుడు" అన్నది. అంటూనే నా చెయ్యి పట్టుకుంది. మర్నాడు పొద్దున స్ట్రెచర్ తలుపు దాటేదాకా వదల్లేదు. కలకత్తా మీదుగా బయల్దేరి ఉంటే ఆ గంటకు నేనింకా దారిలోనే ఉండేదాన్ని.

తలుపు మూశారు. లోపల నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించేదాకా నేనూ అల్లుడూ ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాం.