తెలుసులే పెదనాన్న

మా పెదనాన్న ఎవరి మాటా పూర్తిగా విన్న పాపాన పోలేదు. సగంలోనే "తెలుసులే" అనేసేవాడు. అందుకే పిల్లలందరం ఆయనకి తెలుసులే పెదనాన్న అని పేరు పెట్టాం. ఆ పేరు సంగతి చెప్పబోతే, అదీ తెలుసులే అన్నాడు.

పనిలో మాత్రం ఆయనకి నిజంగానే తెలుసు. రంగుల దుకాణంలో రంగులు కలిపేవాడు. ఎవరైనా పాత గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి తెస్తే, దాన్ని ఎండలో పెట్టి ఒక్కసారి చూసేవాడు. తెల్ల రంగు డబ్బాలో చుక్క చుక్కగా రంగులు వేసి కలిపి, అట్టముక్క మీద పూసి ఆరనిచ్చేవాడు. తడి రంగుని నమ్మకూడదనేవాడు. ఆరాక పక్కన పెచ్చు పెడితే ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

పెళ్లైన కొత్తలో పెద్దమ్మ ఆయన్ని అడిగింది ఒక్కటే. "పడకగదికి పచ్చ రంగు వేద్దామండీ. అంటే, మా ఇంట్లో..." అంటుండగానే ఈయన "తెలుసులే" అన్నాడు. సెలవు రోజు చూసుకుని, చెమటలు కక్కుతూ ఒక్కడే లేత ఆకుపచ్చ వేశాడు. పెద్దమ్మ గుమ్మంలో కాసేపు నిలబడి "బాగుంది" అంది. ఆ కాసేపటి సంగతి ఆయన పట్టించుకోలేదు. నాలుగైదేళ్లకోసారి అదే రంగు వేస్తూ ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేశాడు.

పోయినేడు పెద్దమ్మ పోయింది. ఈమధ్య ఆవిడ అక్క చూడ్డానికొచ్చి, ఆ గదిలో కూర్చుని మాటల్లో అంది. "చిన్నప్పుడు మా గది పచ్చగా ఉండేది. దానికి ఆ రంగంటే ప్రాణం."

"ఇలాగేనా వదినగారూ?" అన్నాడు పెదనాన్న సంబరంగా.

"ఇది ఆకుపచ్చ కదా మరిదిగారూ. మా ఇంట్లో పచ్చ అంటే పసుపే. గుడ్డులో పచ్చసొన అనరూ మీరు?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. ఒక్కనాడూ తట్టలేదు.

ఆ రోజు నుంచి ఆయన మనుషుల్లో లేడు. బీరువాలో పెద్దమ్మ బట్టలన్నీ మంచం మీద పరిచి చూశాడు. ఆకుపచ్చవి మూడు, పసుపువి మూడు. అవీ ఎటూ తేల్చలేదు. దుకాణంలో ఎవరైనా "ఇదే రంగంటారా?" అని అడిగితే, "మీకెలా కనబడుతోందో నాకేం తెలుసండీ" అంటున్నాడు. యజమాని తల పట్టుకున్నాడు.

"నీతోనైనా అందా అమ్మాయ్, గది నచ్చలేదని?" అని ఓ రోజు పెదనాన్న నన్నడిగాడు.

"నచ్చకపోతే అన్నేళ్లు అందులో పడుకుంటుందా పెదనాన్నా?"

"బాగుంది అంది. ఆ మాట విన్నాను. మనసులో ఏమనుకుందో ఎవరు విన్నారు? గోడ చూసి అందో, నా మొహం చూసి అందో. పక్కనున్న మనిషే తెలియలేదంటే, ఇంక నాకేం తెలిసినట్టు?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వినాల్సినప్పుడు విని ఉంటే సరిపోయేది. పెద్దమ్మ మాత్రం, నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఆవిడ సొమ్మేం పోయేది?

పోయిన ఆదివారం వెళ్లేసరికి ఆ గదిలో రంగు డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాడు. లేత పసుపు, ముదురు పసుపు, కాస్త ఎరుపు తిరిగిన పసుపు. పదకొండు అట్టలు పూసి, ఆరాక మంచం మీద వరసగా పెట్టాడు.

"ఇందులో ఏదో వాళ్లక్కని అడగొచ్చుగా" అన్నాను.

"అడిగాను. గుర్తులేదంది. ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టేశారట. గోరంత పెచ్చు కూడా మిగల్లేదు."

అట్టలన్నీ గోడకి ఆనించి, వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు, ఆ రోజు పెద్దమ్మ నిలబడ్డ చోట.

"ఏమే, పచ్చంటే ఏ పచ్చ?" అన్నాడు.

తర్వాత చాలాసేపు ఆగాడు. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు.