ఎడమ స్పీకర్లు

సిమెంటు ఫ్యాక్టరీ మోతలో పనిచేసి బాపుకు కుడి చెవి పోయింది. అందుకే కారు స్టీరియోలో పాటంతా ఎడమ స్పీకర్లకే వచ్చేలా పెట్టుకున్నాడు. ఆయన పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు.

దినాలు అయిన వారానికే తమ్ముడు నల్లగొండలో ఆ స్టీరియోకు ఆంప్లిఫయర్ పెట్టించాడు. సూర్యాపేట పోదామని నన్ను ఎక్కించుకున్నాడు. పాట నాలుగు దిక్కుల నుంచి మీద పడింది.

"బాపు పెట్టుకున్నది ఎందుకు మార్చినవ్‌రా?"

"నేనేం మార్చలే అక్కా. వైర్లు కలపాలంటే బ్యాటరీ పీకాలె గదా, సెట్టింగులన్నీ పోయినయ్. మళ్ల పెట్టొచ్చు గని, ఎవరి కోసం?"

"నీ సిగ్గు గూడ బ్యాటరీతోనే పోయిందా?"

నవ్వి, సౌండు పెంచాడు.

కేతేపల్లి దగ్గర కారు ఆపించి దిగాను. బస్సు కోసం నిలబడితే అద్దం దించి ఏదో అన్నాడు. ఆ మోతలో వినపడలేదు. వినాలనీ లేదు.