తమ్ముడు వద్దన్న ప్రార్థన

బైండింగు పెద్దాయనా, ఆయన తమ్ముడూ ముప్ఫై ఏళ్లు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పనిచేశారు. పెద్దాయన పుస్తకాలు కుట్టేవాడు, తమ్ముడు అట్టలకు గుడ్డ అతికేవాడు. పొద్దున జిగురు కాచడం దగ్గర్నుంచి సాయంత్రం కాగితం ముక్కలు ఊడ్చేదాకా ఇద్దరికీ నోరు మూతపడేది కాదు. పుట్టింది కతోలిక ఇంట్లోనే అయినా, తమ్ముడు పోపుని ఒప్పుకోని లూథరన్ల అమ్మాయిని చేసుకున్నాడు. మొదట ఆమె కోసం వాళ్ల గుడికి వెళ్లాడు. పోగా పోగా తన కోసమే వెళ్లాడు.

మతం మీద వాదన చాలాకాలం సరదాగానే సాగింది.

"పదిహేను వందల ఏళ్ల సంఘాన్ని తప్పుపట్టడానికి ఆ లూథర్‌కి అధికారం ఎవరిచ్చార్రా?" అనేవాడు అన్న, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"వాక్యం ఇచ్చింది. మరి పోపుగారికో?"

"పేతురుకి పరలోకపు తాళంచెవులు ఎవరిచ్చారో చదవలేదూ?"

"చదివాను. అవి పేతురు నుంచి పోపులకి ఒకరి తర్వాత ఒకరికి వస్తాయని మాత్రం ఎక్కడా కనబడలేదన్నయ్యా."

పుస్తకం కోసం వచ్చినవాళ్లు పని మరిచి వినేవాళ్లు. "మీకు రాజీ కుదిరిందా, నాకు పొద్దుపోదయ్యా" అనేవాడు ఓ మాస్టారు.

తల్లి పోయాక ఆ సరదా పోయింది. పరలోకానికి ముందు పాపాల మచ్చ పోయేదాకా ఆగే ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మలకు బతికున్నవాళ్ల ప్రార్థనే ఊరట అని పెద్దాయనకు చిన్నప్పుడు నేర్పింది ఆవిడే. ఆవిడ ఆత్మ కోసం ఆయన తన కతోలిక గుడిలో పూజ పెట్టించాడు. తమ్ముడు గుడి గేటుదాకా వచ్చి ఆగిపోయాడు.

"లోపలికి రా. అమ్మ కోసం ఒక్కసారి మోకాళ్లూనితే నీ సొమ్మేం పోతుంది?"

"క్రీస్తు చేసింది చాలలేదన్నట్టు నేనేం కలపనన్నయ్యా? అమ్మ ఆయన దగ్గరే ఉంది."

"అయితే నీకు అమ్మ అక్కర్లేదన్నమాట."

తమ్ముడు గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగాడు. మర్నాడు తన కత్తెర, కుంచె సంచిలో వేసుకుని వెళ్లిపోయి, ఓ అచ్చాఫీసులో పనికి కుదిరాడు. అనకూడని మాట అన్నానని పెద్దాయనకు ఆ వారంలోనే తెలిసొచ్చింది. అయినా మనసు మెత్తబడిన రోజు కాళ్లు కదలలేదు, కాళ్లు కదిలిన రోజు వీధి మలుపు దాటలేదు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ఒక మధ్యాహ్నం మరదలు దుకాణం గడప దగ్గర నిలబడింది. "బావగారూ, ఆయనకి కాలేయం పాడైంది. డాక్టర్లు ఇంక చేసేదేం లేదంటున్నారు. మిమ్మల్ని చూడాలట."

చేతికి జిగురు ఉండగానే బయలుదేరాడు.

ఆసుపత్రి మంచం మీద తమ్ముడు సగమైపోయి ఉన్నాడు. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కాసేపటికి తమ్ముడే అన్నాడు: "నేను పోయాక నా కోసం పూజలు పెట్టించకు. నువ్వు నన్ను విడిపించమని దేవుణ్ణి బతిమాలుతుంటే, నేను నమ్మిందంతా ఉత్తదే అన్నట్టుంటుంది."

"నీ కోసం నేను చేయగలిగింది అదొక్కటేరా. అదీ వద్దంటే ఎలా?"

"ఇప్పుడు చెయ్యి. నేనింకా ఉన్నాగా."

"సరేరా, నువ్వు పోయాక ఏ ప్రార్థనా పెట్టించనులే" అని పెద్దాయన ఆ నేల మీదే మోకాళ్లూనాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఇద్దరూ కలిసి చెప్పుకున్నారు. చివర్లో 'రాజ్యము, బలము, మహిమ నీవే' అని లూథరన్లు కలిపి చెప్పే మాటల దగ్గర అన్న అలవాటుగా ఆగిపోయాడు. తమ్ముడొక్కడే ఆయాసపడుతూ, ఆగి ఆగి, పూర్తి చేశాడు. నాలుగు రోజులకు పోయాడు.

సమాధి దగ్గర లూథరన్ పాస్టరు వాక్యం చదువుతుంటే పెద్దాయన పెదవులు బిగించుకుని నిలబడ్డాడు. ఆయన నమ్మకం ప్రకారం తమ్ముడు ఆ ఉత్తరించు స్థలంలో ఒంటరిగా, ఎవరైనా ప్రార్థనలో తలుచుకుంటారేమోనని ఎదురుచూస్తున్నాడు. తలుచుకోగలిగిన మనిషి తనొక్కడే. తలుచుకోనని మాటిచ్చిందీ తనే.

ఆ ఆదివారం చనిపోయినవాళ్ల పేర్లు పూజలో చదవడానికి ఫాదర్ చీటీ రాసుకుంటున్నారు. అమ్మ పేరు ఎప్పటిలాగే రాశారు.

"మీ తమ్ముడి పేరూ రాయనా? ఫరవాలేదు, రాయొచ్చు" అన్నారు మెల్లగా.

పెద్దాయన చీటీ మీద అమ్మ పేరు కిందున్న ఖాళీని వేలితో తడిమాడు.

"వద్దు ఫాదర్," అన్నాడు. "వాడు ఒప్పుకోడు."

పూజ మొదలైంది. పేర్లు చదివేవేళ అందరూ తలలు వంచారు. ఆయన మాత్రం లేచి బయటికొచ్చి, ఆ చదవడం అయిపోయేదాకా, ఆనాడు తమ్ముడు ఆగిపోయిన గేటు దగ్గర నిలబడ్డాడు.