కొండ మీది పెట్టెకు బొట్టు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో కర్నూలు, కడప జిల్లాల్లో సరదాకు సొంత సెట్లతో గాలిలో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్ళం గుప్పెడు మందిమి ఉండేవాళ్ళం. చేతిలో పట్టుకునే సెట్టుతో మాట్లాడితే ఆ మాట పెద్ద దూరం పోదు. అందుకని అందరం కలిసి బనగానపల్లె దగ్గర ఒక కొండ మీద రిపీటర్ పెట్టుకున్నాం. దూరం నుంచి సన్నగా వచ్చే మాటను పట్టుకుని, అదే మాటను గట్టిగా చుట్టూ వదిలే పెట్టె అది. కొండ మీది గుడివాళ్ళు ప్రసాదాలు వండే గదిలో ఒక మూల దానికి చోటిచ్చారు.

ఆ పెట్టె ఎవరిదో అది తానే చెప్పుకోవాలని నిబంధన. పది నిమిషాలకొకసారి తన కాల్ సైన్, అంటే లైసెన్సులో ఇచ్చిన అక్షరాల గుర్తు, గాలిలో వినిపించాలి. దానికోసం లోపల ఇంకో చిన్న బోర్డు పెట్టాలి. టిక్కుటిక్కుమనే మోర్సు సంకేతాలు చాలని నేనన్నాను. కొత్తవాళ్ళకు మోర్సు రాదు, మనిషి గొంతే ఉండాలని తక్కినవాళ్ళన్నారు. సరేనన్నాను. ఇక ఎవరి గొంతు అన్నది మిగిలింది.

నా గొంతు ఉంటుందనే అనుకున్నాను. ఆ పెట్టె కోసం గుడి ధర్మకర్తల చుట్టూ తిరిగింది నేను. కరెంటు కోసం అర్జీలు పెట్టింది నేను. కోయిలకుంట్లలో మా స్టీలు సామాన్ల కొట్టు మూసుకుని మరీ తిరిగాను. ఇంట్లో టేపురికార్డరు ముందు కూర్చుని, ఇది ఫలానా స్టేషను, కర్నూలు కడప జిల్లాల రిపీటరు అని చదివి, క్యాసెట్టు తీసుకుని కర్నూలు పోయాను. మా క్లబ్బు అధ్యక్షుడికి అక్కడ మందుల దుకాణం ఉంది. దాని మిద్దె మీద మీటింగు. క్యాసెట్టు పెట్టారు. అది ముగియకముందే ఆయన నవ్వాడు.

"ఏమప్పా, చవితి పందిట్లో పిల్లోడు తప్పిపోయినాడని మైకులో చెప్పినట్టుండాదే."

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళందరిదీ నా యాసే. నవ్విన ఆయనదీ అదే. తర్వాత ఆయన తన బావమరిది గొంతు వినిపించాడు. అతను విజయవాడలో చదువుకున్నాడు. టీవీలో వార్తలు చదివినట్టు చదివాడు. అదే ఖాయం చేశారు. నా క్యాసెట్టు నాకు వెనక్కివ్వడం కూడా మరిచిపోయారు. నేనే అడిగి తెచ్చుకున్నాను.

బోర్డు బిగించే పని మాత్రం నాకే అప్పగించారు. కొండకు దగ్గర ఉండేది నువ్వే కదప్పా అన్నారు. కాదనలేదు.

ఆ బోర్డు మీద ఎర్రటి బటను ఒకటి ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కితే పాత గొంతు చెరిగిపోతుంది. ఆ తర్వాత కాసేపు ఎదుట ఏం వినబడితే అది ఎక్కుతుంది. బావమరిది గొంతు ఎక్కించిన బోర్డును జాగ్రత్తగా కొండెక్కించి, పెట్టెలో బిగించి, సెట్టులో విని చూసుకున్నాను. బాగా పలికింది. ఇక మూత వేయబోతుంటే గుడి పూజారి పళ్ళెంతో వచ్చాడు. కొత్త మిషనుకు పూజ చేయకుండా ఎట్లా అన్నాడు. చేయమని చెప్పి, నేను వెనక్కి తిరిగి కిందికి వంగి కేబులు గోడకు కట్టుకుంటూ ఉండిపోయాను. ఆయన టెంకాయ కొట్టి, హారతిచ్చి పోయాడు. నేను మూత బిగించి, మళ్ళీ విని చూడకుండా బస్సుకు పరిగెత్తాను.

మరుసటి రోజు ఉదయం సెట్టు పెడితే రెండు జిల్లాలు నవ్వుతున్నాయి. పది నిమిషాలకొకసారి కొండ మీద నుంచి ఈ మాటలు వస్తున్నాయి.

"కుంకుమ గూడా పెడతాండానప్పా."

"పెట్టు సామీ, బిన్నా కానీ. ఆడ బస్సు పోతాది."

రెండో గొంతు నాది.

విన్న వెంటనే జరిగిందేమిటో నాకు తెలిసిపోయింది. పూజారి గంధం బొట్టు పెట్టడానికి పెట్టె అంతా వెతికి, బొట్టు మాదిరే గుండ్రంగా ఎర్రగా ఉన్న ఆ బటను మీదే వేలు ఒత్తాడు. ఆ సంగతే చెప్పాను. అధ్యక్షుడు వినలేదు.

"నీ గొంతు వద్దంటిమని కడుపులో పెట్టుకుంటివి. పెట్టుకున్నావు పో, లైసెన్సుతోనా ఆటలు? కాల్ సైన్ లేకుండా పెట్టె మాట్లాడ్తాంటే రేపు జవాబు చెప్పేది ఎవరు?"

"నేను చెయ్యలేదు."

"చేసినావో లేదో, ముందు పోయి బాగు చెయ్యప్పా."

నేను చేయలేదని ఆయన అందరూ వినేటట్టు సెట్టులో చెబితేనే కొండెక్కుతానన్నాను. ఆయన చెప్పలేదు. నేను ఎక్కలేదు. నా గొంతు అట్లాగే పలుకుతూ పోయింది. కొట్టులో పెట్టుకున్న నా సెట్టులో విని, కొట్టుకొచ్చిన గిరాకీలు కూడా "బస్సు పోయిందా అన్నా?" అని అడిగేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అదీ లేదు. బిందె దించి చూపించి ధర చెప్పేవాణ్ణి.

చివరికి ఆయనే ఒక ఆదివారం బావమరిది క్యాసెట్టు, టేపురికార్డరు పట్టుకుని వచ్చాడు. ఇద్దరం కొండెక్కాం. నేను మూత తీశాను. బటను మీద గంధం ఎండి పెచ్చుకట్టి, దాని మీద కుంకుమ అట్లాగే ఉంది. పూజారిని పిలిచి ఎవరు పెట్టారని అడిగాను.

"నేనేనప్పా. బొట్టు పెట్టమని దానికి వాళ్ళే ఎర్రగా గుర్తు పెట్టినారు కదా. గట్టిగా ఒత్తి పెట్టినా, రాలిపోకుండా."

అధ్యక్షుడు పడీ పడీ నవ్వాడు. పళ్ళెంలో దక్షిణ వేశాడు. నేను బటను తుడిచి నొక్కాను. ఆయన టేపు వినిపించాడు. బావమరిది గొంతు మళ్ళీ ఎక్కింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆయన మాట కోసం చూశాను. ఆయన మామిడికాయల గురించి మాట్లాడాడు. ఈ ఏడు కాపు తక్కువన్నాడు. ఊళ్ళోకి వచ్చాక ఒక బుట్ట కొని, బస్సెక్కుతూ నా భుజం తట్టాడు.

"ఇంగ అయిపాయ కదప్పా. ఇంకా మొగం అట్ల పెడ్తావేం?"

ఆ సాయంత్రం అందరం సెట్టులో కలిసే వేళకు, రిపీటర్ సరి చేయించానని ఆయన ప్రకటించాడు. ఎండలో కొండెక్కినందుకు అందరూ ఆయనకు కృతజ్ఞతలు చెప్పారు. పూజారి మాట ఆయన ఎత్తలేదు. నేను చేయలేదన్న మాటా ఎత్తలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. సాక్షి కూడా ఉన్నాడు. సెట్టు నోటి దగ్గర పెట్టుకుని, మాట్లాడేందుకు మీట నొక్కాను. నొక్కి పట్టుకునే ఉన్నాను. కోపం కోసం చూసుకున్నాను, రాలేదు. ఏడుపూ రాలేదు. ఎదురుగా అరలో టిఫిను గిన్నెలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. వాటినే చూస్తూ ఉండి, మీట వదిలేశాను.

"ఎవరప్పా అది, మాట్లాడకుండా నొక్కతాండేది?" అని కడప నుంచి ఎవరో అడిగారు.

సెట్టు ఆపి, కొట్టు ముందు వేలాడదీసిన బక్కెట్లు ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకున్నాను.