ఉయ్యాల పక్కన మీటరు

“గదిలో గాలి చాలక పాపకి ఏమన్నా అయితే?”

ఆ మాట అనేసి కోడలు తనే నాలుక కరుచుకుంది. ఉయ్యాల్లో ఐదు నెలల పాప గుప్పిళ్లు బిగించి నిద్రపోతోంది. ఉయ్యాలని ఆనుకుని ఉన్న ముక్కాలిపీట మీద చిన్న తెల్ల పెట్టె. దాని మీద అంకె పద్దెనిమిది వందలు దాటింది. అంతవరకు గోడలో నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాను ఒక్కసారిగా హోరెత్తింది. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది.

“ఇదుగో, మళ్లీ మొదలు,” అంది అత్తగారు పాప బట్టలు మడతపెడుతూ. “మేం పెంచలేదా పిల్లల్ని? ఇలా గాలికి లెక్కలెవరు కట్టారమ్మా?”

“అప్పటి కిటికీలకి సందులుండేవి అత్తయ్యా. ఇప్పటివి సీసా మూతల్లా బిగుసుకుంటున్నాయి.”

కోడలు బళ్లో రసాయనశాస్త్రం చెబుతుంది. మూసిన గదిలో మనుషులు వదిలిన ఊపిరి పేరుకుంటుందని, దాన్ని కొలిచే పెట్టె ఉంటుందని, అంకె వెయ్యి దాటితే కాసేపటికి ఆ పెట్టే ఫ్యాను వేగం పెంచుతుందని చదివి, ఏరి కోరి తెప్పించుకుంది. తీరా బిగించాక వారం నుంచి పాపకి మధ్యాహ్నం అరగంట నిద్ర కూడా లేదు. సోమవారం నుంచి మళ్లీ బడికి వెళ్లాలి. ఈ గది సంగతి తేలకుండా పాపని వదిలి గడప దాటడం తన వల్ల కాదు. అందుకే గాలి బాబాయికి ఫోను చేసింది.

ఆయన ముప్ఫై రెండేళ్లు ఒక సినిమా హాల్లో గాలి యంత్రాలు చూసుకున్నాడు. ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరి దాకా చూసిన పాపాన పోలేదు. లోపలి గాలిని బయటికి లాగే గొట్టం దగ్గర ముఖం పెట్టి, హాలు సగం నిండిందో పూర్తిగా నిండిందో చెప్పేసేవాడు. ఏడుపు సినిమా ఆడే రోజున గాలి తడిగా వస్తుందని ఇప్పటికీ ఆయన నమ్మకం. హాలు మూతపడ్డాక ఇళ్లలో ఫ్యాన్లు బిగిస్తూ బతుకుతున్నాడు. గాలి బాబాయ్ అని పిలిస్తే పలుకుతాడు గానీ, ఆయన చెప్పినవి గాలి మాటలంటే మాత్రం ఊరుకోడు.

ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పాపకి అప్పుడే నిద్రపట్టింది. సంచీ విప్పకుండా గుమ్మం దగ్గరే పెట్టి, తలుపు వేసి, నేల మీద చతికిలబడి కళ్లు మూసుకున్నాడు. ఎక్కడికి వెళ్లినా ఆయన పద్ధతి ఇదే. పనిముట్టు ముట్టుకునే ముందు పది నిమిషాలు ఆ గదిలో ఊరికే కూర్చోవాలి.

అత్తగారు తలుపు ఓరగా తీసి తొంగిచూసింది. “ఏమే, పాపని నిద్రపుచ్చమంటే తనే పడుకున్నాడేమిటి?”

“పడుకోలేదక్కయ్యా, వింటున్నా,” అన్నాడాయన కళ్లు తెరవకుండానే.

తర్వాత లేచి, జేబులోంచి పల్చటి కాగితం పీలిక తీసి ఫ్యాను ముందు పట్టుకున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా పీలిక బద్ధకంగా వేలాడింది. వంగి తలుపు అడుగున చూశాడు. అంచు పొడుగునా రబ్బరు పట్టీ అతికించి ఉంది.

“ఇదెవరి పని?”

“నాదే బాబాయ్. దుమ్ము రాకూడదని...”

“దుమ్ముతో పాటు గాలినీ ఆపేశావు తల్లీ. కొత్తది లోపలికి రాకపోతే ఫ్యాను పాతదాన్ని ఎలా లాగుతుంది?”

వేలి మందాన సందు వచ్చేలా పట్టీని కోసి, పీలికని తలుపు కింద పట్టాడు. అది చేపపిల్లలా లోపలికి కొట్టుకుంది. పావుగంటలో అంకె తొమ్మిది వందల కిందికి దిగింది. కోడలు ఊపిరి పీల్చుకుంది. ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు.

“ఇంకా ఏదో ఉంది. పిట్టంత పాప ఒక్కతే అంత ఊపిరి ఎక్కడ వదులుతుంది? అంకెలేమన్నా రాశావా?”

రాయకపోతే ఆమె టీచరెందుకవుతుంది? గీతలు గీసి నింపిన నోటుబుక్కు తెచ్చిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు.

“పద్నాలుగు వందలు, పదహారు, పద్దెనిమిది. తక్కువది ఒక్కటీ లేదే! ఇవి ఎక్కడ నిలబడి రాశావు?”

“పాపని చూడ్డానికి వంగుతాను కదా, అప్పుడే ఇదీ చూసేదాన్ని.”

“ఏదీ, వంగు.”

ఆమె వంగింది. పాప గుండె లేచి పడుతోందో లేదో చూసుకుని, అలాగే పెట్టె వైపు ముఖం తిప్పింది. ఎనిమిది వందల అరవై. కాసేపటికి పదకొండు వందలు. తర్వాత పదిహేను వందలు. ఫ్యాను హోరెత్తింది. పాప కనుబొమలు ముడిపడ్డాయి.

అప్పుడు వెలిగింది ఆమెకి. ఏటా తరగతిలో పిల్లల చేతికి స్ట్రా ఇచ్చి సున్నపుతేటలోకి ఊదిస్తుంది. నీళ్లు పాలలా తెల్లబడగానే, “చూశారా, మీ ఊపిరిలో ఏముందో!” అంటుంది. ఆ పాఠం చెప్పే మనిషే వారం రోజులుగా పెట్టె మీదికి ఊదుతోంది!

“బాబాయ్, ఇది నా ఊపిరి!”

“నేనేమీ అన్లేదమ్మా. నువ్వే అన్నావు.”

సిగ్గుపడాల్సింది పోయి ఆమెకి సరదా పుట్టింది. వెనక్కి జరిగింది, అంకె దిగింది. ఊపిరి బిగబట్టి వంగింది, పెరగలేదు. మెల్లగా వదిలింది, ఎగబాకింది. మళ్లీ ఒకసారి చేసి చూసింది.

“మీటరు పెట్టాల్సింది గదికి కాదు, ఈవిడగారి ముక్కుకి!” అంటూ అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గాలి బాబాయ్ పెట్టెని తీసి, ఉయ్యాలకి, కిటికీకి, తలుపుకి దూరంగా, ఎదుటి గోడకి ఛాతీ ఎత్తున బిగించాడు. ఫ్యాను వేగం ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా పెరిగేలా సరిచేశాడు. ఆ మధ్యాహ్నం పాప గంటన్నర నిద్రపోయింది.

సోమవారం కోడలు చేతిసంచీ భుజాన వేసుకుని పాప గది గుమ్మంలోనే ఆగింది. అక్కడి నుంచే ఎదుటి గోడ మీది అంకె చూసింది. ఏడు వందల ఇరవై. ఇక దానివైపు చూడకుండా ఉయ్యాల దగ్గరికి వెళ్లి, తీరిగ్గా వంగి, పాప నుదుటి మీద ముద్దు పెట్టుకుని బయల్దేరింది. పెట్టెని గోడకి బిగించిన రోజు సంచీ సర్దుకుంటూ గాలి బాబాయ్ అన్న మాట అదే:

“పాపని చూడ్డానికి రోజుకి వందసార్లు వెళ్లు తల్లీ. అంకెని మాత్రం ఒక్కసారే చూడు, అదీ గుమ్మంలో నిలబడి.”